స్టెప్ పరీక్ష ఒకసారి పోయాక అమెరికా రెసిడెన్సీకి అప్లై చేయడం: బరంపురం, రాయగడ వైపు నుంచి వచ్చే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళ నుంచి అమెరికా రెసిడెన్సీకి (ఎంబీబీఎస్ తర్వాత అక్కడి ఆసుపత్రుల్లో చేసే స్పెషాలిటీ ట్రైనింగ్) ప్రయత్నిస్తున్నవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. వీళ్ళలో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళున్నారు, కోరాపుట్ ఎస్‌ఎల్‌ఎన్‌లో, వైజాగ్‌లో, దేశం బయట చదివినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో డాక్టర్‌గా చేయడానికి రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల్లో స్టెప్ 1 (పునాది సబ్జెక్టులు) గానీ స్టెప్ 2 సీకే (రోగిని చూసే చదువు) గానీ ఒకసారి పోయినవాళ్ళ కోసమే ఇది, అన్నీ మొదటిసారే గట్టెక్కినవాళ్ళకు ఇందులో సగం అక్కర్లేదు. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి, డబ్బు కట్టేముందు ఈసీఎఫ్‌ఎంజీ (విదేశాల్లో చదివిన డాక్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ), ఈరాస్ (అప్లికేషన్లు పంపే ఏర్పాటు), ఎన్‌ఆర్‌ఎంపీ (మ్యాచ్ నడిపే సంస్థ) సైట్లలో ఆ ఏడాది లెక్క చూసుకోండి.

ఒకసారి ఫెయిలైతే ఇక రెసిడెన్సీ రానట్టేనా?

కాదు. అలాగని "ఏం పర్లేదు, అందరికీ అయ్యేదే" అని ఎవరైనా ధైర్యం చెబితే అదీ పూర్తిగా నమ్మకండి. ఫెయిల్ లేకపోయినా మనకు ఇదేమంత సులువు కాదు. అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో 2024 మ్యాచ్‌లో (అభ్యర్థులు, ఆసుపత్రుల ప్రోగ్రామ్‌లు ఒకరినొకరు వరుసపెట్టి ఇచ్చే ర్యాంక్ లిస్టులను బట్టి సీట్లు పంచే పద్ధతి) సీటు వచ్చింది 58.5 శాతం మందికి, 2025లో 58 శాతం మందికి. ఇది కూడా ర్యాంక్ లిస్ట్ ఇచ్చినవాళ్ళ లెక్క. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాక ర్యాంక్ లిస్ట్ దాకా వెళ్ళనివాళ్ళు ఇందులో లేనే లేరు.

ఫెయిల్ ఉన్నవాళ్ళకు దారి ఇంకా ఇరుకు, ఎందుకంటే చాలా ప్రోగ్రామ్‌లు ఫిల్టర్ పెడతాయి, మీ అప్లికేషన్ మనిషి కంట పడకముందే పక్కకు వెళ్ళిపోతుంది. ఫిల్టర్ పెట్టనివి, పెట్టినా చూసీచూడనట్టు పోయేవి కొన్ని ఉన్నాయి. అవి ఏవో కనిపెట్టడం, అక్కడ చదివే మనిషికి ఫెయిల్ తర్వాత వచ్చిన రిజల్ట్ గట్టిగా కనిపించేలా చేయడం, మన పని ఈ రెండే. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఫెయిల్ చూపించకుండా పాసైన అటెంప్ట్ ఒక్కటే పంపొచ్చా?

కుదరదు. యూఎస్‌ఎంఎల్‌ఈ ట్రాన్స్‌క్రిప్ట్‌లో మీరు రాసిన ప్రతి అటెంప్ట్ ఉంటుంది, ఈరాస్ ద్వారా అది మొత్తంగానే వెళ్తుంది. పరీక్ష మొదలుపెట్టి రెండు బ్లాకులయ్యాక తలనొప్పని లేచి వచ్చేసినా అది ఇన్‌కంప్లీట్‌గా పడుతుంది, అటెంప్ట్ కింద లెక్కే. అప్లికేషన్‌లోనో సర్టిఫికెట్లలోనో అబద్ధం రాసి దొరికితే ఇర్రెగ్యులర్ బిహేవియర్ అనే ముద్ర వేస్తారు. ఫెయిల్ ఉన్నవాడిని తీసుకునే ప్రోగ్రామ్ దొరుకుతుంది గానీ ఆ ముద్ర ఉన్నవాడిని తీసుకునేది దొరకడం కష్టం.

రీచెక్‌కి పెడితే?

డబ్బు దండగ. రీచెక్‌లో ఫలితం మారడం దాదాపు ఉండదు. ఆ డాలర్లు ఒక సెల్ఫ్ అసెస్‌మెంట్ (నమూనా పరీక్ష) కొనుక్కోవడానికి పనికొస్తాయి.

మొత్తం ఎన్నిసార్లు రాయనిస్తారు?

ఒక్కో స్టెప్‌కి నాలుగుసార్లు. ఒకప్పుడు ఆరు ఉండేవి, 2021లో తగ్గించారు. 12 నెలల్లో మూడుసార్లకు మించి రాయనివ్వరు, నాలుగోది రాయాలంటే మొదటి అటెంప్ట్‌కి ఏడాది, చివరిదానికి ఆరు నెలలు దాటాలి. కానీ ఈ నాలుగు అనే అంకె చూసి ఊరటపడకండి. యూఎస్‌ఎంఎల్‌ఈ ఒప్పుకున్నా, రేపు మీకు లైసెన్స్ ఇవ్వాల్సిన స్టేట్ మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి కదా, చాలా రాష్ట్రాలు తమ సొంత అటెంప్ట్ పరిమితి పెట్టుకున్నాయి. ఆ బోర్డుల సమాఖ్య ఎఫ్‌ఎస్‌ఎంబీ సైట్‌లో రాష్ట్రాలవారీ పట్టిక ఉంది, రెండుసార్లు పోయినవాళ్ళు ప్రోగ్రామ్‌ల జాబితా వేసుకునే ముందే అది తెరవాలి. ఇంకో గడువు కూడా గుర్తుంచుకోండి: ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్‌కి కావలసిన స్టెప్ 1, స్టెప్ 2 సీకే రెండూ ఏడేళ్ళ లోపల పాసవ్వాలి.

మళ్ళీ ఎప్పుడు రాయాలి? సెప్టెంబర్‌కి అప్లై చేయాలంటే ఇప్పుడే రాయాలి కదా?

ఎక్కువమంది రెండోసారి దెబ్బతినేది ఈ "కదా" దగ్గరే. సీజన్ పోతుందన్న టెన్షన్‌తో నెలా నెలన్నరలో మళ్ళీ బుక్ చేస్తారు, పుస్తకం అదే, పద్ధతి అదే, తేదీ ఒక్కటే కొత్తది. ఒక ఫెయిల్‌ని చదివే మనిషి సర్దుకుంటాడు, రెండు ఫెయిళ్ళు చూస్తే అదే వీళ్ళ స్థాయి అనుకుంటాడు. కాబట్టి నా మాట సూటిగా ఇది: సీజన్ పోతే పోనివ్వండి, రెండో అటెంప్ట్ పోకూడదు.

ముందు ఫెయిల్ రిపోర్ట్ చదవండి. స్టెప్ 1 పాసైనవాళ్ళకు "పాస్" అని ఒక్క ముక్కే వస్తుంది, ఫెయిలైనవాళ్ళకు పాస్ గీతకు ఎంత కింద ఉన్నారో, ఏయే సబ్జెక్టుల్లో బలహీనంగా ఉన్నారో బొమ్మ గీసి చూపిస్తారు. చాలామంది బాధతో ఆ పీడీఎఫ్‌ని ఒకసారి చూసి మళ్ళీ తెరవరు. గీతకు ఆనుకుని పోయినవాళ్ళకు రెండు మూడు నెలల గట్టి చదువు సరిపోవచ్చు. బాగా కిందున్నవాళ్ళకు పునాదే లేదని అర్థం, ఫిజియాలజీ నుంచి మొదలుపెట్టాలి, దానికి ఆరు నెలలు పట్టినా పట్టనివ్వండి.

మనవైపు పిల్లల విషయంలో నాకు కనిపించే కారణం ఇంకొకటుంది. విషయం తెలుసు, కానీ పెద్ద పెద్ద ప్రశ్నలు ఇంగ్లీషులో గబగబా చదివి ముగించలేరు. పదో తరగతి దాకా ఒడియా మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివినవాళ్ళకు ఇది సిగ్గుపడే సంగతి కాదు, సాధన చేయాల్సిన సంగతి. యూవరల్డ్ అనే ప్రశ్నల బ్యాంకుని ట్యూటర్ మోడ్‌లో (గడియారం లేకుండా) తాపీగా చేసి "అంతా అయిపోయింది" అనుకుంటే అసలు పరీక్షలో ప్రతి బ్లాక్ చివరా నాలుగైదు ప్రశ్నలు గుడ్డిగా కొట్టాల్సి వస్తుంది. మొదటి రోజు నుంచే టైమ్ పెట్టుకుని చేయండి. స్టెప్ 1 ఎనిమిది గంటలు, స్టెప్ 2 సీకే తొమ్మిది గంటలు, అంతసేపు కూర్చునే అలవాటు కూడా ఇంట్లోనే రావాలి.

ఇక తేదీ నిర్ణయించేది క్యాలెండర్ కాదు, పరీక్ష ప్రశ్నలు తయారుచేసే ఎన్‌బీఎంఈ సంస్థ సెల్ఫ్ అసెస్‌మెంట్‌లు. వేర్వేరు వారాల్లో రాసిన రెండు మూడు ఫామ్‌లలో వరుసగా 70 శాతం పైన నిలబడితే బుక్ చేయండి. ఒకదాంట్లో 72, తర్వాతిదాంట్లో 61 వస్తే ఆగండి. మళ్ళీ అప్లికేషన్, మళ్ళీ ఫీజు, అది వెయ్యి డాలర్ల పైమాటే, మన డబ్బులో లక్షకు అటూ ఇటూ. ఇంట్లో ఆ డబ్బు ఎలా పుడుతుందో మీకు తెలుసు.

స్టెప్ 1 పోయింది. ముందు స్టెప్ 2 సీకే రాసేయొచ్చా?

నిబంధన ప్రకారం రాయొచ్చు, ఈ రెండూ ఏ వరుసలో రాసినా ఒప్పుకుంటారు. కానీ స్టెప్ 1 ఫెయిలైనవాళ్ళలో ఎక్కువమందికి పునాది దగ్గరే తేడా ఉంటుంది, దాని మీద స్టెప్ 2 కడితే అదీ ఊగుతుంది. హౌస్ సర్జన్సీ చేసి వార్డు డ్యూటీలు బాగా చేసినవాళ్ళు, స్టెప్ 1లో బయోకెమిస్ట్రీ లాంటివి దెబ్బకొట్టినవాళ్ళు, వీళ్ళకు మాత్రం ఈ దారి ఆలోచించదగ్గదే.

స్టెప్ 1 ఇప్పుడు పాస్/ఫెయిలే కదా, రెండోసారి పాసైతే సమానమైపోయినట్టేగా?

అలా ఉంటే ఎంత బాగుండేది! జరిగింది దీనికి తిరగబడి ఉంది. 2022 జనవరి 26 నుంచి రాసినవాళ్ళకు స్టెప్ 1లో మార్కులు ఇవ్వడం లేదు. అంతకుముందు ఒకసారి పోయినా రెండోసారి 240 తెచ్చుకుంటే "చూడండి, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చానో" అని చూపించుకునే వీలుండేది. ఇప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఫెయిల్, దాని తర్వాత పాస్, అంతే. మీరు బొటాబొటీగా పాసయ్యారో దంచికొట్టి పాసయ్యారో ఎవరికీ తెలియదు. ఆ బరువంతా స్టెప్ 2 సీకే మీదికి వచ్చి పడింది.

అందుకే స్టెప్ 1 పోయినవాళ్ళకు స్టెప్ 2 సీకే మామూలు పరీక్ష కాదు, ఫెయిల్‌కి జవాబు చెప్పే ఒకే ఒక్క అంకె. పాస్ మార్కు 2025 జూలై నుంచి 218, అంతకుముందు 214. కానీ పాస్ మార్కు మన లక్ష్యం కాదు. అమెరికా మెడికల్ స్కూళ్ళ పిల్లల సగటే 250 చుట్టుపక్కల ఉంటోంది. 225తో ఫెయిల్ ఉన్న అప్లికేషన్‌ని గట్టెక్కించడం చాలా కష్టం. 240 దాటితే చదివే మనిషి ఆగి చూస్తాడు, 250 దాటితే స్టెప్ 1లో ఏం జరిగిందో తనే అడుగుతాడు, అడిగాడంటే మీరు ఇంటర్వ్యూలో ఉన్నట్టే కదా. ఈ గీతలు నా అంచనా, ఎవరి రూల్ బుక్‌లోనూ లేవు.

ఫెయిలైంది స్టెప్ 2 సీకే అయితే?

ఇది ఇంకా కష్టం, మెత్తగా చెప్పలేను. ఇక్కడ ఫెయిలైన మార్కు కూడా అంకెతో సహా కనిపిస్తుంది, పైగా ఇది రోగిని చూసే చదువు మీద పరీక్ష. దీనికి రెండు పనులు చేయాలి. ఒకటి, రెండో అటెంప్ట్‌లో పాస్ కాదు, పెద్ద తేడా చూపించాలి. రెండు, వీలైతే మ్యాచ్‌కి ముందే స్టెప్ 3 మొదటిసారే పాసవ్వాలి.

స్టెప్ 3 సంగతి కాస్త వివరంగా: అది అమెరికాలోనే రాయాలి, రెండు రోజుల పరీక్ష, ముందు ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అంటే వీసా, టికెట్, బస, అన్నీ కలిపి పెద్ద ఖర్చు. ఫెయిల్ ఉన్నవాళ్ళకు నేను దీన్ని మంచి పెట్టుబడి అనే అంటాను, ఎందుకంటే రెసిడెన్సీలో చేరాక ఈ పిల్ల స్టెప్ 3 దగ్గర ఇరుక్కుంటుందేమో అన్నదే ప్రోగ్రామ్ డైరెక్టర్ అసలు భయం. ఆ భయం తీరిపోతుంది. కానీ సిద్ధంగా లేకుండా వెళ్ళి అదీ పోగొట్టుకుంటే ఉన్న కాస్త ఆశా పోతుంది.

ఏ స్పెషాలిటీలు పెట్టుకోవాలి?

ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, కొంతవరకు సైకియాట్రీ, పాథాలజీ. ఆర్థో, డెర్మటాలజీ, న్యూరోసర్జరీ లాంటివి మర్చిపోండి, మచ్చలేని అప్లికేషన్‌తోనే మనవాళ్ళకు అవి అందడం అరుదు.

ఫెయిల్ ఉన్నా చూసే ప్రోగ్రామ్‌లను ఎలా పట్టుకోవాలి?

కూర్చుని చేయాల్సిన పని ఇది, దీనికి అడ్డదారి లేదు. ఏఎంఏ వాళ్ళ ఫ్రీడా, ఏఏఎంసీ వాళ్ళ రెసిడెన్సీ ఎక్స్‌ప్లోరర్, ప్రోగ్రామ్‌ల వివరాలిచ్చే ఈ రెండు సైట్లతో మొదలుపెట్టి ఒక ఎక్సెల్ షీట్ వేసుకోండి. ప్రతి ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో అర్హతల పేజీ చదవండి. "మొదటి అటెంప్ట్‌లోనే పాసై ఉండాలి" అని ఉంటే వదిలేయండి, నా కథ వేరు అని బతిమాలే ఈమెయిల్ రాసినా ఫిల్టర్ వినదు. "ఒక అటెంప్ట్ వరకు పరిశీలిస్తాం" అని ఉంటే పైన పెట్టండి. ఏమీ రాయకపోతే కోఆర్డినేటర్‌కి రెండే వాక్యాల మెయిల్ పెట్టండి: ఒక అటెంప్ట్ ఉన్న విదేశీ గ్రాడ్యుయేట్ల అప్లికేషన్లు చూస్తారా, వీసా ఏది ఇస్తారు.

దాంతోపాటు ఇప్పుడున్న రెసిడెంట్ల జాబితా చూడండి. విదేశీ కాలేజీల పేర్లు బాగా కనిపిస్తున్నాయా, చదువు ముగించి ఎన్నేళ్ళయినవాళ్ళను తీసుకుంటున్నారు, మన వీసా వాళ్ళున్నారా. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రుల కంటే చిన్న ఊళ్ళలోని కమ్యూనిటీ ఆసుపత్రులు మనకు దగ్గర.

ఎన్నింటికి అంటారా, డబ్బు లెక్క చూడాలి. ఈరాస్‌లో ఒక స్పెషాలిటీలో మొదటి 30 అప్లికేషన్లు చవక, ఆ తర్వాత ఒక్కోదానికి రేటు దాదాపు మూడింతలు. ఫెయిల్ ఉన్నవాళ్ళు వందకు పైన పెట్టడం మామూలే, తప్పని కూడా అనను, కానీ ఫిల్టర్ ఉందని తెలిసి తెలిసి పెట్టే అప్లికేషన్ దేవుడి హుండీలో వేసినట్టే, హుండీలో వేస్తే పుణ్యమైనా వస్తుంది. సిగ్నల్స్ (ఈ ప్రోగ్రామ్ మీద నాకు ప్రత్యేక ఆసక్తి ఉందని చెప్పే గుర్తులు) విషయం మరీ ముఖ్యం: ఇంటర్నల్ మెడిసిన్‌లో 3 గోల్డ్, 12 సిల్వర్ ఉంటాయి, వాటిని పేరున్న చోట్ల కాకుండా మిమ్మల్ని నిజంగా చూసే చోట్ల వాడండి.

సీజన్ వరుస ఎలా ఉంటుంది?

జూన్‌లో ఈరాస్ తెరుచుకుంటుంది, సెప్టెంబర్ మొదట్లో నుంచి అప్లికేషన్ పంపొచ్చు, సెప్టెంబర్ ఆఖర్లో ప్రోగ్రామ్‌లు వాటిని తెరుస్తాయి. అక్టోబర్ నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు, తర్వాత ర్యాంక్ లిస్ట్, మార్చి మూడో వారంలో మ్యాచ్, జూలైలో చేరిక. ర్యాంక్ లిస్ట్ గడువులోగా ఈసీఎఫ్‌ఎంజీకి కావలసిన పరీక్షలన్నీ పాసై ఉంటేనే మ్యాచ్‌లో ఉంటారు. కానీ అది కనీస నిబంధన మాత్రమే. ఫెయిల్ ఉన్నవాళ్ళు ప్రోగ్రామ్‌లు ఫైళ్ళు తెరిచే రోజుకే స్టెప్ 2 మార్కు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండేలా చూసుకోవాలి. "రిజల్ట్ నవంబర్‌లో వస్తుంది" అంటే ఆ ఫెయిల్ ఒక్కటే కనిపిస్తూ ఉంటుంది, నవంబర్ వచ్చేసరికి ఇంటర్వ్యూ తేదీలు సగం అయిపోతాయి.

ఫలితం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి పరీక్ష జూలై లోపే రాసేస్తే మేలు. మనకు పరీక్ష కేంద్రాలంటే హైదరాబాద్, కోల్‌కతా. బరంపురం నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, కానీ పరీక్ష ముందు రోజు దిగేలా పెట్టుకోవద్దు. అక్టోబర్‌లో పెట్టుకున్నవాళ్ళకు ఇంకో బెడద, తుపాన్లు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది అక్టోబర్ 11న. ఆ రోజుల్లో మన లైన్లో రైళ్ళు ఎలా ఆగిపోతాయో చెప్పక్కర్లేదు. రెండు మూడు రోజులు ముందే వెళ్ళి ఉండండి.

పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ఫెయిల్ గురించి రాయాలా?

రాయొచ్చు, రెండు మూడు వాక్యాలకు మించకుండా. మొత్తం స్టేట్‌మెంట్ దాని చుట్టూ తిప్పితే మీ గురించి గుర్తుండేది అదే. రాసినా రాయకపోయినా ఇంటర్వ్యూలో అడుగుతారు, జవాబు నోటికి వచ్చి ఉండాలి. కారణం ఒక వాక్యం, మార్చుకున్నది ఒక వాక్యం, ఫలితం ఒక వాక్యం. ఇలాగన్నమాట: "మొదటిసారి నన్ను నేను పరీక్షించుకోకుండానే వెళ్ళాను. తర్వాత ప్రతి వారం టైమ్ పెట్టి బ్లాకులు చేసి, తప్పులన్నీ ఒక పుస్తకంలో రాసుకుని చదివాను. అదే పద్ధతిలో స్టెప్ 2లో 246 వచ్చింది." ఇక ఆపేయండి. మౌనం భరించలేక ఇంకా చెప్పుకుంటూ పోయేవాళ్ళే చెడగొట్టుకుంటారు.

కరెంటు పోయింది, ఇంట్లో పెళ్ళి, డ్యూటీ ఎక్కువ, ఇవి నిజమే అయినా కారణాలుగా పనిచేయవు, రెసిడెన్సీలో డ్యూటీ ఇంకా ఎక్కువ మరి. ఇంట్లో ఎవరైనా చనిపోవడం, మీకే పెద్ద జబ్బు చేయడం లాంటిదైతే చెప్పండి, చెప్పి అది ఇప్పుడు ముగిసిందని కూడా చెప్పండి.

మధ్యలో ఖాళీగా కూర్చుని చదవాలా, ఉద్యోగం చేయాలా?

పరీక్షకు ముందు నాలుగైదు నెలలు చదువే. అది దాటాక ఖాళీ మంచిది కాదు, చాలా ప్రోగ్రామ్‌లు చదువు ముగిసి ఎన్నేళ్ళైందో కూడా ఫిల్టర్ పెడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ "ఈ మధ్య రోగిని చూశావా" అన్న ప్రశ్న బలంగా వస్తుంది. ఇక్కడ మనకు మిగతావాళ్ళకు లేని ఒక సౌకర్యం ఉంది, దాన్ని మనవాళ్ళే తక్కువ చేసుకుంటారు. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు సీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేస్తే సికిల్ సెల్ చూస్తారు, మలేరియా చూస్తారు, కాన్పులు చూస్తారు, ఐదు గంటల నడక దూరం నుంచి వచ్చిన రోగికి మళ్ళీ ఎప్పుడు రమ్మనాలో ఆలోచిస్తారు. 2017లో ఒడిశా మొదలుపెట్టిన దమన్ మలేరియా శిబిరాల్లో పనిచేసి ఉంటే అది రెండు లైన్లు కాదు, ఒక పేరా రాయదగ్గ అనుభవం. పల్లెటూరి ఫ్యామిలీ మెడిసిన్ ప్రోగ్రామ్ వాళ్ళకు డాక్టర్లు దొరకని చోట పనిచేయడమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. భాషల కాలమ్‌లో తెలుగు, ఒడియా, హిందీ, వస్తే కువి (కొంధుల భాష) కూడా రాయండి, సిగ్గుపడకండి.

కాకపోతే అమెరికాలో చేసిన క్లినికల్ అనుభవానికి ఇది బదులు కాదు. అక్కడి డాక్టర్ల లెటర్లు కావాలి, ఒక్కో ప్రోగ్రామ్‌కి నాలుగు దాకా పంపొచ్చు, కనీసం రెండు అక్కడివైతే నయం. మిమ్మల్ని నాలుగు వారాలు నిజంగా చూసిన మామూలు డాక్టర్ రాసిన లెటర్, పేరుమోసిన ప్రొఫెసర్ ముక్తసరిగా రాసిన లెటర్ కంటే బలం. అబ్జర్వర్‌షిప్‌కి (అక్కడి డాక్టర్ పక్కన ఉండి చూడడానికి) బీ1/బీ2 వీసా, ఒడిశా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది కాబట్టి ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడ వెళ్ళాలి. కాలేజీతో సర్వీస్ బాండ్ ఉంటే అది ఎప్పుడు తీరుతుందో ముందే చూసుకోండి.

సర్టిఫికెట్ల మీద పేర్లు తేడాగా ఉన్నాయి. ఇబ్బందా?

ఇబ్బందే, మన సరిహద్దు వాళ్ళకు ఇది ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఎంబీబీఎస్ డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో వెనక, పైగా ఒడియాలో ఒకలా తెలుగులో ఒకలా పలికే పేరుకి రెండు స్పెల్లింగులు. ఈసీఎఫ్‌ఎంజీ రికార్డు పాస్‌పోర్ట్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి, లేకపోతే పరీక్ష కేంద్రం గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ముందు పాస్‌పోర్ట్ సరిచేసుకోండి, తర్వాతే ఈసీఎఫ్‌ఎంజీ నంబర్.

ఓఈటీ, పాత్‌వే అంటున్నారు, అవేంటి?

స్టెప్ 2 సీఎస్ అనే పరీక్ష 2021 జనవరిలో ఎత్తేశారు. ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్‌కి దాని బదులు పాత్‌వే అనే ఏర్పాటు, ఓఈటీ మెడిసిన్ ఇంగ్లీషు పరీక్ష వచ్చాయి. ఓఈటీలో వినడం, చదవడం, మాట్లాడడంలో 350, రాయడంలో 300 కావాలి. ఒడిశా కౌన్సిల్‌లోనో ఆంధ్రా కౌన్సిల్‌లోనో పూర్తి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు మామూలుగా పాత్‌వే 1లో వెళ్తారు. భువనేశ్వర్ నుంచి కాగితాలు రావడానికి సమయం పడుతుందని గుర్తుంచుకుని ముందే మొదలుపెట్టండి.

నేను బయటి దేశంలో ఎంబీబీఎస్ చేశాను, ఫెయిలైంది స్టెప్ కాదు, ఎఫ్‌ఎంజీఈ. అమెరికాకి ప్రయత్నించొచ్చా?

వచ్చు. ఎఫ్‌ఎంజీఈ మన దేశంలో రిజిస్ట్రేషన్ కోసం పెట్టేది, 300కి 150 రావాలి, జూన్, డిసెంబర్ రెండుసార్లు జరుగుతుంది. దాని ఫలితం యూఎస్‌ఎంఎల్‌ఈ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపించదు. మెలిక వేరేచోట ఉంది. అది పాసవ్వకపోతే ఇక్కడ రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక్కడి నుంచి పాత్‌వే 1 కుదరదు. మీ కాలేజీ మెడికల్ స్కూళ్ళ వరల్డ్ డైరెక్టరీలో ఈసీఎఫ్‌ఎంజీ గుర్తుతో ఉందా, మిగతా పాత్‌వేలలో ఏది మీకు వర్తిస్తుంది, ఈ రెండూ తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. ఇంకో మాట: ఎఫ్‌ఎంజీఈ నాలుగైదుసార్లు పోయి, దాన్నుంచి తప్పించుకోవడానికి యూఎస్‌ఎంఎల్‌ఈ అంటుంటే మాత్రం ఆగండి, అది దీనికంటే సులువు కాదు.

వీసా ఏది?

ఎక్కువమందికి జే-1. ఈసీఎఫ్‌ఎంజీయే స్పాన్సర్, ఢిల్లీలోని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ ట్రైనింగ్ దేశానికి అవసరమనే పత్రం) తెచ్చుకోవాలి. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు మన దేశానికి తిరిగి రావాలి, లేదా కాన్రాడ్ 30 లాంటి వేవర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) మీద అక్కడే డాక్టర్లు తక్కువున్న చోట పనిచేయాలి. హెచ్-1బీకి స్టెప్ 3 పాసై ఉండాలి. అదీగాక 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ప్రకటనతో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, ఒక చిన్న కమ్యూనిటీ ఆసుపత్రి మీకోసం అంత కడుతుందని లెక్క వేసుకోకండి.

ఇంటర్వ్యూలు ఇంటి నుంచే ఇవ్వొచ్చా?

ఎక్కువ శాతం ఆన్‌లైన్‌లోనే. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 అంటే మనకు సాయంత్రం ఆరున్నర, నవంబర్ మొదటి వారంలో అక్కడ గడియారం మార్చాక ఏడున్నర. పశ్చిమ తీరమైతే రాత్రి తొమ్మిదిన్నర, గడియారం మార్చాక పదిన్నర. గుణుపురంలోనో మల్కన్‌గిరిలోనో నెట్ మీద నమ్మకం లేకపోతే ఆ రోజుకి వైజాగ్‌లోనో బరంపురంలోనో చుట్టాలింటికి వెళ్ళండి, ఇన్వర్టర్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, రెండో సిమ్‌లో డేటా వేసుకోండి.

మావాడు ఫెయిలయ్యాడని చుట్టాలకు ఏం చెప్పాలి? పెళ్ళి సంబంధాలు కూడా చూస్తున్నాం.

చుట్టాలకు ఏమీ చెప్పక్కర్లేదండీ, "ఇంకా పరీక్షలున్నాయి" అంటే చాలు, నిజమే కదా. సంబంధం వాళ్ళకు మాత్రం సంగతి దాచకండి. అమెరికా డాక్టర్ అని చెప్పి ఖాయం చేసుకున్నాక మ్యాచ్ రాకపోతే బాధపడేది ఇద్దరు పిల్లలు. అబ్బాయినైనా అమ్మాయినైనా రోజూ "ఎంతవరకు వచ్చింది" అని అడగడం ఒక్కటి మానేస్తే మీరు చేయగల సాయం చేసినట్టే.

"మ్యాచ్ గ్యారంటీ" అని మూడు లక్షలు అడుగుతున్నారు. కట్టమంటారా?

వద్దు. మ్యాచ్‌ని కంప్యూటర్ చేస్తుంది, రెండు ర్యాంక్ లిస్టులు చూసుకుని. దానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఇంగ్లీషు దిద్దించుకోవడానికి, ఇంటర్వ్యూ సాధనకు డబ్బు పెట్టడం వేరు. మీ బదులు అప్లికేషన్ నింపుతాం, లేని అనుభవానికి లెటర్ ఇప్పిస్తాం అన్నారంటే పైన చెప్పిన ఇర్రెగ్యులర్ బిహేవియర్ ముద్ర పడేది వాళ్ళ మీద కాదు, మీ మీద.

మ్యాచ్ రాకపోతే?

మ్యాచ్ వారం సోమవారం నాడే వచ్చిందో లేదో తెలుస్తుంది. రాకపోతే అదే వారంలో సోప్, మిగిలిన సీట్లకు 45 ప్రోగ్రామ్‌ల దాకా పెట్టుకోవచ్చు. వాళ్ళు పిలవకముందే మీరు ప్రోగ్రామ్‌లకు ఫోన్ చేయడం, మెయిల్ చేయడం నిబంధనలకు విరుద్ధం, మీ తరఫున ఇంకెవరూ చేయకూడదు కూడా. సోప్‌లో మనలాంటివాళ్ళకు దొరికేవి కొద్దిగానే, ఆశ పెట్టుకోండి గానీ దాని మీదే ఉండిపోకండి.

ఎన్ని సీజన్లు చూసి ఆపాలి?

నన్నడిగితే రెండు, అదీ రెండోసారి అప్లికేషన్‌లో ఏదో ఒకటి నిజంగా మారితేనే: స్టెప్ 3 పాసవడమో, కొత్తగా అమెరికా అనుభవమో, ఇంకా కింద దాకా వెతికిన జాబితానో. ఏమీ మారకుండా అదే అప్లికేషన్‌కి మళ్ళీ ఫీజు కడితే ఫలితమూ మారదు.

నీట్ పీజీ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, స్టెప్ ఫెయిల్‌కి దానితో సంబంధం లేదు. ఇన్నాళ్ళూ మనవాళ్ళను ఒడిశా స్థానికులా ఆంధ్రా స్థానికులా అన్న గొడవ పీడించేది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని తీర్పిచ్చింది, చదివిన కాలేజీని బట్టి ఇచ్చే ప్రాధాన్యం మాత్రం ఒక పరిమితిలో ఉండొచ్చంది. కాబట్టి మీరు ఎంబీబీఎస్ ఏ రాష్ట్రంలో చేశారో అక్కడి కౌన్సెలింగ్ నోటిఫికేషన్ ముందు చదవండి. రెండు పరీక్షలకూ ఒకే ఏడాది చదువుదామనుకుంటే మాత్రం నా సలహా వద్దనే. ప్రశ్నల తీరు వేరు, జ్ఞాపకం పెట్టుకోవాల్సినవి వేరు, స్టెప్‌లో ఒకసారి పోయినవాళ్ళకు అలా చీలిపోయేంత సమయం ఉండదు. ముందు సీజన్ ముగియనివ్వండి, మార్చిలో ఫలితం చూశాక నీట్ పుస్తకాలు తీయండి.